రేవు ఎక్కడుందో చూపించండి: పాత ఓడరేవు పట్టణాల అధికారులకు బహిరంగ లేఖ

పాత ఓడరేవు పట్టణాల్లో కోటలను, మ్యూజియంలను, పర్యాటకాన్ని చూసుకుంటున్న అధికారులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం ఏ ఒక్క ఊరి ఆఫీసుకో రాస్తున్నది కాదు. సముద్రం ఒడ్డున చరిత్ర ఉన్న ఊరు ఉందంటే వెళ్లి చూసి రావడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. వెళ్లలేని ఊళ్ల గురించి దొరికినంత చదువుతాను. తిరిగిన ఊళ్లన్నిటిలో ఒకటే లోటు కనిపిస్తూ వచ్చింది. మాలో మేం అనుకుని ఊరుకుంటే అది మీదాకా రాదు కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను.

ఒక పాత రేవు పట్టణంలో జరిగింది చెబుతాను. కోట బాగుంది. గోడలు శుభ్రంగా ఉన్నాయి, గడ్డి కత్తిరించి ఉంది, టికెట్ల దగ్గర తోపులాట లేదు. లోపల ప్రతి బురుజు ముందూ బోర్డు పెట్టారు. ఎవరు కట్టారు, ఏ సంవత్సరంలో కట్టారు, తర్వాత ఎవరు గెలుచుకున్నారు, ఎన్ని ఫిరంగులు ఉండేవి. అన్నీ ఓపిగ్గా చదివాను. చివరికి సముద్రం వైపు గోడ ఎక్కి చూస్తే కింద మోకాలి లోతు నీళ్లు, బండలు, నురగ. ఇక్కడికి ఓడ ఎలా వచ్చేది? ఎక్కడ ఆగేది? సరుకు ఒడ్డుకు ఎలా చేరేది? డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడిగాను. ఆయన మర్యాదగానే, "అవన్నీ మాకు చెప్పలేదండీ, బోర్డులో ఉన్నదే తెలుసు" అన్నారు. గైడును అడిగితే రాజుల పేర్లు మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చాడు.

కిందికి దిగాక గోడ నీడలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కనిపించారు. అదే ప్రశ్న ఆయన్నీ అడిగాను. చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడి, వేలు చాపి చూపించారు. నీళ్ల రంగు మారే చోట లోతు మొదలవుతుందట. పెద్ద ఓడలు అక్కడే లంగరు వేసేవని వాళ్ల తాతలు చెప్పేవారట. అక్కడినుంచి చిన్న పడవల్లో సరుకు దింపేవారట. ఎడమపక్క నీళ్లలో తేలీ తేలకుండా కనిపించే రాతి వరుస అలల ఉధృతిని తగ్గిస్తుంది కాబట్టి, ఏడాదిలో కొన్ని నెలలు ఈ ఒడ్డు భద్రమట. గాలి తిరిగాక మాత్రం పడవ నిలవదట. ఇంతా చెప్పడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టలేదు. అది విన్నాక తిరిగి పైకి వెళ్లి చూశాను. ఫిరంగులు ఆ దిక్కుకే ఎందుకు తిరిగి ఉన్నాయో, చిన్న గుమ్మం ఆ మూలే ఎందుకుందో, గిడ్డంగులు ఆ గోడకే ఎందుకు ఆనించి కట్టారో అప్పుడు అర్థమైంది. రెండు గంటలు బోర్డులు చదివినా అర్థం కానిది అది.

నా మనవి అదొక్కటే. ఊరు ఎవరు కట్టారో చెబుతున్నారు, సంతోషం. ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో కూడా చెప్పండి.

సముద్రపు ఒడ్డున ఏ పాత ఊరు చూసినా కోటకంటే ముందు, గుడికంటే ముందు అక్కడ ఏదో ఒక ఆసరా ఉంది. నది వచ్చి కలిసే మొగ, అలను ఆపే తిప్ప, తాగడానికి పనికొచ్చే బావి నీళ్లు, దూరంనుంచి గుర్తుపట్టగలిగే కొండ. వాటిని చూసుకుని ఓడవాళ్లు ఆగారు. వాళ్లు ఆగారు కాబట్టి బజారు వచ్చింది, బజారు మీద సుంకం వచ్చింది, సుంకం కోసం కోట వచ్చింది. మీరు మాకు చూపిస్తున్నది ఈ వరసలో చివరిది. మొదటిదాన్ని చూపించకపోతే చివరిది ఉత్త గోడ.

అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడింది గాలి. హిందూ మహాసముద్రం మీద ఆవిరి ఓడలు రాకముందు ప్రయాణం ఎప్పుడు చేయాలో మనుషులు కాదు, రుతుపవనాలు నిర్ణయించేవి. అరేబియానుంచి, పశ్చిమ భారత తీరంనుంచి తూర్పు ఆఫ్రికా దీవి జాంజిబార్‌కు ఈశాన్య గాలితో వచ్చేవారు. ఆ గాలిని అక్కడ కస్కాజీ అంటారు. తిరిగి వెళ్లాలంటే కుసీ, అంటే దక్షిణపు గాలి, లేచేదాకా ఆగాల్సిందే. ఇప్పటి మలేసియాలోని మలక్కాలో ఇదే కథ రెండు వైపులనుంచీ నడిచింది. మన వైపు ఓడలు నైరుతి గాలితో చేరుకునేవి, చైనా ఓడలు ఈశాన్య గాలితో దిగేవి. ఒకరి గాలి ఇంకొకరికి ఎదురుగాలి. అందుకే ఇద్దరూ అక్కడ కలుసుకుని, సరుకు మార్చుకుని, తమ గాలి వచ్చేదాకా నెలల తరబడి కాపురం ఉండేవారు. వియత్నాంలోని హోయ్ ఆన్‌లో జపాన్, చైనా వర్తకులకు వేరువేరు పేటలు ఏర్పడటానికీ ఈ నిరీక్షణే కారణం.

ఆ ఊళ్లలో ఒకే వీధిలో గుడి, మసీదు, చర్చి, చైనా దేవాలయం పక్కపక్కనే కనిపిస్తే మేం ఫొటో తీసుకుని ముందుకు వెళ్లిపోతున్నాం. అవి పక్కపక్కన ఎందుకున్నాయో చెప్పే బోర్డు ఉంటే, ఒక్క ఫొటోతో వదిలిపెట్టం. నాలుగు నెలలు ఊరుకాని ఊళ్లో ఉండాల్సిన మనిషికి మొక్కుకోవడానికి చోటు కావాలి, పోతే పూడ్చడానికో కాల్చడానికో చోటు కావాలి, గొడవ వస్తే తన భాషలో వినే పెద్ద కావాలి. మలక్కా సుల్తానుల కాలంలో నలుగురు షాబందర్‌లు ఉండేవారు. గుజరాతీలకు ఒకరు, కళింగ, బెంగాల్, పెగూ వైపు వాళ్లకు ఒకరు, జావా తదితర దీవుల వాళ్లకు ఒకరు, చైనా వైపు వాళ్లకు ఒకరు. షాబందర్ అంటే రేవుకు అధికారి. అందులోని బందర్, తెలుగులో బందరు అని మనం వాడే మాటే. ఆ కళింగ జాబితాలో మన తీరం వాళ్లూ ఉన్నారు. ఈ సంగతి తెలిసి మలక్కా వీధిలో నడిచే తెలుగువాడికి అది పరాయి ఊరులా అనిపించదు.

శ్రీలంకలోని గాలేలో 1911లో ఒక రాయి దొరికింది. ఒక కల్వర్టు మీద మూతరాయిగా పడి ఉంది. కడిగి చూస్తే దానిమీద మూడు భాషలు, చైనీస్, తమిళం, పర్షియన్. 1409 నాటి శాసనం అది, చైనా నౌకాధిపతి జెంగ్ హె వేయించింది. చైనీస్ భాగంలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువు అవతారంగా కొలిచే దేవుడికి, పర్షియన్‌లో అల్లాకు కానుకలు సమర్పించినట్టు ఉంది. ఆ రేవులో ఎవరెవరు ఉండేవారో, ఎవరిని మంచి చేసుకోవాల్సి వచ్చేదో ఇంతకంటే సూటిగా చెప్పేది ఏముంది? రాయి ఇప్పుడు కొలంబో నేషనల్ మ్యూజియంలో ఉంది. కానీ ఆ రాయి మాట్లాడేది గాలే రేవు గురించి. బురుజు మీద నిలబడిన సందర్శకుడికి సముద్రాన్ని చూస్తూ దాని కథ వినిపించాలి. అసలు రాయి ఎక్కడుంటే అక్కడ ఉండనివ్వండి, కథ మాత్రం పుట్టిన చోట చెప్పండి.

మోటుపల్లిలో ఉన్నదీ అలాంటిదే. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పట్టు లాంటి సరుకుల మీద సుంకం ఎంతో కూడా చెక్కించాడు. మార్కో పోలో రాసిన ముత్ఫిలి ఈ రేవే అంటారు చరిత్రకారులు. అన్నీ పోగొట్టుకుని ప్రాణాలతో ఒడ్డున పడ్డ మనిషికి ఆ రాతి స్తంభం ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. "ఇది ఫలానా రాజు శాసనం, 13వ శతాబ్దం" అని రాసి వదిలేస్తే ఆ ఊహకు తావు లేదు. శాసనంలో ఏముందో నేటి వాడుక మాటల్లో నాలుగు వాక్యాలు రాసినా చాలు. ఏడో తరగతి పిల్లవాడు చదివి వాళ్లమ్మకు చెబుతాడు.

ఇక తీరం జరిగిపోయిన ఊళ్లు. ఇవి నన్ను ఎక్కువ బాధపెట్టే చోట్లు, ఎందుకంటే ఇక్కడ చూపించేవాళ్లు లేకపోతే చూసేవాడికి ఏమీ కనిపించదు. టర్కీలోని ఎఫెసస్‌లో రేవుకు తీసుకెళ్లే పాలరాతి వీధి ఉంది. అరకిలోమీటరు పొడవు. దానిమీద నడుచుకుంటూ చివరికి వెళ్తే ఓడలు ఉండాల్సిన చోట రెల్లు, చిత్తడి నేల. నది శతాబ్దాల పాటు తెచ్చిన ఒండ్రు మేట వేసి సముద్రాన్ని కొన్ని కిలోమీటర్ల అవతలికి నెట్టేసింది. ఊరు యుద్ధంలో ఒక్కరోజులో పోలేదు, మట్టితో మెల్లగా పోయింది. హోయ్ ఆన్‌కూ అదే జరిగింది. థు బోన్ నది పూడిపోతూ వచ్చి 19వ శతాబ్దానికి పెద్ద ఓడలు దనాంగ్‌కు మళ్లిపోయాయి. వ్యాపారం పోయింది కాబట్టే పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు, అవసరం రెండూ లేకపోయాయి. ఈరోజు మనం చూస్తున్న అందమంతా ఆ నష్టంనుంచి మిగిలిందే. 1999లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది కూడా అందుకే. ఈ మాట అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తెలియాలి.

జపాన్‌లోని నాగసాకిలో దెజిమా అని ఒక చిన్న కృత్రిమ దీవి ఉండేది, విసనకర్ర ఆకారంలో. 1636లో పూర్తయింది. 1641నుంచి డచ్చివాళ్లను అందులోనే ఉంచారు. రెండు వందల ఏళ్లకు పైగా జపాన్‌లో ఐరోపావాళ్లు వ్యాపారం చేసుకోగలిగింది ఆ కాస్త నేల మీదే. తర్వాత చుట్టూ సముద్రాన్ని పూడ్చేశారు, దీవి నగరంలో కలిసిపోయింది. ఇప్పుడు పాత గిడ్డంగులను, అధికారి నివాసాన్ని తిరిగి కట్టి చూపిస్తున్నారు. చుట్టూ రోడ్లున్నా సరే, ఇది ఒకప్పుడు నీళ్ల మధ్య ఉండేదని సందర్శకుడు మరిచిపోకుండా చూసుకోవడం అక్కడి వారి పట్టుదల. ఆ పట్టుదల అన్నిచోట్లా కావాలి. తీరం వెనక్కి జరిగిన ప్రతి ఊళ్లో పాత ఒడ్డు ఎక్కడుండేదో వీధి మీద ఒక గీత గీయండి. రాయి పరచండి, ఇత్తడి పట్టీ వేయండి, రంగైనా పూయండి. పిల్లలు ఆ గీతకు అటూ ఇటూ గెంతుతూ, "ఇప్పుడు నేను నీళ్లలో ఉన్నాను" అంటారు. ఇది పెద్ద ఖర్చు కాదు. పాత పటం ఒకటి, సర్వే తెలిసిన మనిషి ఒకరు ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి అడగాలి. ఊరిని సముద్రం మీదినుంచి చూపించండి. ఒడ్డునుంచి సముద్రాన్ని చూడటం మాకు అలవాటే. కానీ ఈ ఊళ్లను కట్టినవాళ్లు, వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ముందు చూసింది నీళ్లమీదినుంచి. మహాబలిపురాన్ని యూరప్ నావికులు ఏడు పగోడాలు అని పిలిచేవారు. కోణార్క్ ఆలయం వాళ్లకు నల్ల పగోడా, పూరీ జగన్నాథుడి గుడి తెల్ల పగోడా. భక్తితో పెట్టిన పేర్లు కావవి, దారి తెలుసుకోవడానికి పెట్టుకున్న గుర్తులు. బల్లపరుపుగా ఉన్న తీరంలో ఆ శిఖరాలే వాళ్లకు దిక్కు. స్పెయిన్‌లో లా కొరున్యా దగ్గర రోమన్ల కాలంలో కట్టిన దీపస్తంభం, హెర్క్యులెస్ టవర్, ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. దాన్ని కిందనుంచి చూడటం వేరు, చీకటి పడుతుండగా పడవలోనుంచి దాని వెలుగు కోసం వెతకడం వేరు. వాతావరణం బాగున్న రోజుల్లో లైఫ్‌జాకెట్లతో, లెక్కకు మించి ఎక్కించుకోకుండా, గంటసేపు పడవ తిప్పి తీసుకురండి. ఎక్కడ తిరగాలో, ఏ గోపురాన్ని ఏ కొండతో కలిపి చూస్తే దారి సరిగ్గా ఉన్నట్టో పడవ నడిపే ఆయనే చెప్పాలి. మైకులో పాటలు వద్దు. లైట్‌హౌస్‌లు తెరిచి ఉంచిన చోట ఎప్పుడు చూసినా జనం ఉంటారు. మూసి ఉంచినవి కూడా వారానికి రెండు రోజులైనా తెరవండి.

ఓడలతోపాటు భయాలూ వచ్చేవి. డుబ్రొవ్‌నిక్, ఇప్పటి క్రొయేషియాలోని ఊరు, అప్పటి పేరు రగూసా, 1377లో ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న చోట్లనుంచి వచ్చేవాళ్లు నెల రోజులు ఊరి బయట ఒక చిన్న దీవిలోనో, దగ్గర్లోని కావ్‌టాట్‌లోనో ఉండి ఆ తర్వాతే లోపలికి రావాలి. ముప్పై రోజులు తర్వాత నలభై అయ్యాయి. ఇటలీ భాషలో నలభై అనే మాటనుంచే క్వారంటైన్ అనే మాట పుట్టింది. ఆ పనికోసం తర్వాత కట్టిన లాజరెట్టోలు నగరద్వారం బయట ఇప్పటికీ ఉన్నాయి. కరోనా రోజులు చూసిన మనందరికీ ఆ గదుల్లో కాసేపు కూర్చుంటే ఎవరూ వివరించక్కర్లేదు. అయినా ఆ ఊరికి వెళ్లి వచ్చిన మా స్నేహితుల్లో చాలామంది గోడల మీద నడిచి వచ్చారే గానీ ఈ గదుల పేరే వినలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చాలా ముఖ్యం.

రేవుల్లో సరుకులే కాదు, మనుషులూ అమ్ముడుపోయారు. ఘానా తీరంలో ఎల్మినా కోటను పోర్చుగీసువాళ్లు 1482లో కట్టారు, బంగారం వ్యాపారం కోసం. 1637లో డచ్చివాళ్లు పట్టుకున్నారు. బంగారం గదులు మనుషుల్ని కుక్కే గదులయ్యాయి. కొద్ది దూరంలోని కేప్ కోస్ట్ కోటలో మగవాళ్లను బంధించిన నేలమాళిగ పైనే ప్రార్థన మందిరం ఉండేది. కింద వందలమంది చీకట్లో, పైన కీర్తనలు. సముద్రంవైపు ఉన్న గుమ్మాన్ని తిరిగి రాని ద్వారం అంటారు. అక్కడి గైడ్లు సందర్శకులను ఆ చీకటి గదుల్లోకి తీసుకెళ్లి, తలుపు వేసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడతారని వెళ్లినవాళ్లు రాశారు. జాంజిబార్‌లో బానిసల సంతను 1873లో మూయించాక, ఆ నేలమీదే పెద్ద చర్చి కట్టారు. ఆ ఊళ్లు తమ గతాన్ని దాచుకోలేదు.

మిగతా చోట్ల ఏం జరుగుతోంది? "గిడ్డంగి" అని రాసి ఊరుకుంటున్నారు. 17వ శతాబ్దంలో కరువులొచ్చినప్పుడు కోరమాండల్ తీరంనుంచి డచ్చి ఓడలు మనుషులను బానిసలుగా ఎక్కించుకుని బటేవియాకు (ఇప్పటి జకార్తా), సింహళానికి తీసుకెళ్లాయి. పులికాట్ అందులో ప్రధాన రేవు. తిండి లేక తమను తాము, పిల్లలను అమ్ముకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ తీరంలో డచ్చివారి సమాధుల మీద చెక్కిన పూలూ పుర్రెలూ మనం మెచ్చుకుంటూ చూస్తాం. మెచ్చుకోదగ్గ పనితనమే. కానీ ఆ సమాధుల్లో ఉన్నవాళ్లకు పేర్లు, తేదీలు, బిరుదులు ఉన్నాయి. అదే ఒడ్డునుంచి ఓడెక్కిన మనవాళ్లకు ఒక్క వాక్యం లేకపోతే ఎలా? "వ్యాపార కేంద్రం" అనే మాట రాసే ముందు ఏం వ్యాపారమో రాయండి. కుటుంబంతో సరదాగా వచ్చినవాళ్లు బాధపడతారని మీరు వెనకాడవద్దు. పిల్లలు ఇలాంటివి విని తట్టుకోగలరు, మంచి ప్రశ్నలు అడుగుతారు. మేం వాళ్లకు జవాబు చెప్పుకుంటాం.

కట్టడాల సంరక్షణ గురించి మీకు నేను చెప్పేంతటి దాన్ని కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. మరమ్మతులను గుడ్డ కట్టి దాచకండి, చూపించండి. ఉప్పుగాలి రాయిని ఎలా తింటుందో చాలామందికి తెలియదు. గాలిలోని ఉప్పు తేమతోపాటు రాతి సందుల్లోకి దిగుతుంది. తేమ ఆరిపోతే ఉప్పు లోపలే గడ్డకట్టి ఉబ్బుతుంది, రాయి పైపొర పెచ్చులుగా రాలుతుంది. మహాబలిపురం తీర ఆలయం 8వ శతాబ్దం తొలినాళ్లనుంచి ఈ గాలిని తట్టుకుంటోంది. శిల్పాల ముఖాలు అరిగి నున్నబడ్డాయి. పురావస్తు శాఖవారు కాగితపు గుజ్జును తడిపి రాయికి పట్టించి ఉప్పును బయటికి లాగుతారు. ఆ పని జరుగుతున్నప్పుడు తాడు కట్టి ఇవతల నిలబెట్టి చూడనిస్తే, ఆ గోడమీద చెయ్యి వెయ్యాలని, పేరు చెక్కాలని ఎవరికీ అనిపించదు. "తాకరాదు" అన్న బోర్డుకంటే అది బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

జాంజిబార్ పాత ఊరి ఇళ్లు పగడపు రాయి, సున్నంతో కట్టినవి. అలాంటి గోడ ఊపిరి పీలుస్తుంది, లోపలికెళ్లిన తేమ బయటికి వస్తుంది. దానికి సిమెంటు పూస్తే తేమ, ఉప్పు లోపలే చిక్కుకుపోయి గోడను గుల్ల చేస్తాయి. 1883లో కట్టిన అక్కడి సుల్తాను భవనం హౌస్ ఆఫ్ వండర్స్‌లో ఒక భాగం 2020 డిసెంబర్ 25న మరమ్మతులు జరుగుతుండగానే కూలిపోయింది. ఇలాంటి నష్టం ఇంకో ఊళ్లో జరగకుండా ఉండాలంటే సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఉండాలి. వాళ్ల పనిని జనం చూసి మెచ్చుకుంటే కదా, వాళ్ల పిల్లలు ఆ పని నేర్చుకోవాలనుకునేది.

సముద్రం ఇప్పటికీ ఈ ఊళ్లలో పని చేస్తూనే ఉంది, అదీ చూపించండి. గాలే కోట కింద డచ్చివాళ్లు వేసిన మురుగు కాలువలు పోటు నీళ్లతో కడుక్కుపోయేలా ఏర్పాటు చేశారు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు కోట బయటి ఊరు ధ్వంసమైంది, ఆ పాత గోడల లోపలి ఊరు చాలావరకు నిలబడింది. శత్రువు కోసం కట్టిన గోడ అలను ఆపింది. వెనిస్‌లో 1966 నవంబర్ 4న నీళ్లు 194 సెంటీమీటర్లకు లేచాయి. ఆ తర్వాత ఆలోచించి, వాదించుకుని, కట్టిన మోసె అనే వరద గేట్లను 2020 అక్టోబర్‌లో మొదటిసారి పోటు రాకుండా ఎత్తారు. సందర్శకులకు ఇచ్చే కాగితం మీద ఆ రోజు పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి అని రెండు అంకెలు వేయండి. అవి చూసుకుని మేమే రేవు దగ్గరికి రెండుసార్లు వస్తాం, ఒకసారి నీళ్లు నిండినప్పుడు, ఒకసారి దిగిపోయి పాత మెట్లు బయటపడినప్పుడు.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. గాలికోసం నెలల తరబడి ఆగిన ఊళ్లను మేం మూడు గంటల్లో చూసి పోతున్నాం. తప్పు మాదీ ఉంది, ఒప్పుకుంటాను. కానీ మూడు గంటల్లో ముగిసేలా దారి వేసింది మీరు. పెద్ద క్రూయిజ్ ఓడలు ఒకేసారి వేలమందిని దింపితే ఆ సందుల్లో నిలబడి చదివేది ఎవరు, వినేది ఎవరు? డుబ్రొవ్‌నిక్ 2019లో ఒకే సమయంలో రెండు ఓడలకు మించి వద్దని ఒప్పందం చేసుకుంది. 25,000 టన్నులు దాటిన ఓడలు వెనిస్ నడుమనున్న జుదెక్కా కాలువలోకి రాకుండా 2021లో ఇటలీ ప్రభుత్వం ఆపింది. అలాంటి నిర్ణయాలకు వ్యాపారులనుంచి ఎంత ఒత్తిడి వస్తుందో ఊహించగలను. అయినా తీసుకున్నారు. మీరూ తీసుకోండి. తెల్లవారుజామున వలలు దిగే వేళ, సాయంత్రం దీపం వెలిగే వేళ రేవులు జీవంతో ఉంటాయి. మీ గేట్లు తెరుచుకునేది ఆ మొదటిది అయిపోయాక, మూసుకునేది ఆ రెండోది మొదలుకాకముందు. నెలకు కొన్ని రోజులైనా ఆ వేళలు మార్చి చూడండి.

చివరిగా మనుషుల గురించి. వెనిస్ పాత నగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కంటే తగ్గింది. ఇళ్లు అద్దె గదులవుతున్నకొద్దీ పడవలు చేసేవాళ్లు, కాలువల లోతు తెలిసినవాళ్లు ఊరు విడిచిపోతున్నారు. ఏ రేవు పట్టణంలోనైనా ఇది మొదలైపోయి ఉంటుంది. బీచ్ అందంగా కనిపించాలని వలలను, పడవలను దూరంగా జరిపించే ప్లాన్లు మీ దగ్గరికి వస్తూ ఉంటాయి. వాటి మీద సంతకం పెట్టేముందు, కోట దగ్గర నాకు జవాబు చెప్పింది ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. జీతం తీసుకునే ఉద్యోగికీ, లైసెన్సు ఉన్న గైడుకూ తెలియనిది వల కుట్టుకునే ఆయనకు తెలుసు. అలాంటి పెద్దలను పిలిచి కూర్చోబెట్టండి. నీళ్లలోని రాళ్లకు, తిప్పలకు, లోతులకు వాళ్లు పెట్టుకున్న పేర్లు రాసుకోండి. వాళ్ల పిల్లలకు గైడ్ శిక్షణలో మొదటి అవకాశం ఇవ్వండి. చెప్పినందుకు డబ్బు ఇవ్వండి, బోర్డు మీద ఫలానా వారు చెప్పారని వాళ్ల అనుమతితో పేరు వేయండి.

ఆ కోటకు వచ్చే ఏడాది మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా అక్క పిల్లలు కూడా వస్తున్నారు. సముద్రం వైపు గోడ ఎక్కగానే వాళ్లు అడగబోయే మొదటి ప్రశ్న నాకు తెలుసు. నీళ్ల రంగు మారే ఆ చోటును నేను వేలితో చూపించగలను. దాని పేరు మాత్రం ఆ రోజు పెద్దాయనను అడగడం మరిచిపోయాను. మీరు అడిగి, ఆ గోడ మీద రాయించండి.

ఇట్లు,
మీ ఊళ్లకు మళ్లీ మళ్లీ వచ్చే ఒక సందర్శకురాలు